ముందు పంటి స్క్రూకి బహిరంగ లేఖ

పై దవడలో, ముందు పంటి చోట, పెదవి వైపు ఒరిగి కూర్చున్న టైటానియం ఇంప్లాంట్ స్క్రూకి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టలేను. నువ్వు కుశలమే. నీ ముందున్న ఎముకే కరిగిపోతోంది.

నీ జాతి మీద నాకు పగ లేదు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ గారు కుందేలు కాలి ఎముకకు టైటానియం అతుక్కుపోవడం గమనించారు, 1965లో ఒక మనిషి దవడలో మీ పూర్వీకుల్ని దించారు. ఎముక నిన్ను తనలో కలిపేసుకోవడం నీ గొప్పే. నాకొచ్చిన చిక్కూ అదే. మామూలు పన్ను వంకరపోతే క్లిప్పులు వేసి జరపొచ్చు, ఎందుకంటే దాని వేరుకూ ఎముకకూ మధ్య మెత్తటి పొర ఉంటుంది. నీకది లేదు. ఏ తీగ కట్టి లాగినా పిసరంత కదలవు.

అసలు ఈ చోటే సున్నితం. పై ముందు పళ్లకు పెదవి వైపుండే ఎముక చాలామందిలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అదీ పంటిని నమ్ముకుని బతికేదే. పన్ను పీకగానే కరగడం మొదలవుతుంది, మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా తరిగిపోతుంది. పీకిన గుంతలోనే నిన్ను దించబోతే అంగిలి వైపు గట్టి గోడ డ్రిల్లును పెదవి వైపు తోస్తుంది. చెయ్యి కాచుకోకపోతే నువ్వు వెళ్లి ఆ పలచని గోడకే ఆనుకుంటావు. నీ ముందు రెండు మిల్లీమీటర్ల దాకా ఎముక ఉండాలంటారు డాక్టర్లు. అది లేనిచోట చిగురు పైకి పోతుంది, నీ మీది క్యాప్ పక్క పంటికంటే పొడుగ్గా కనిపిస్తుంది, అంచున నీ బూడిద రంగు తొంగిచూస్తుంది.

పైకి మాత్రం అంతా సర్దేశారు. నీకూ క్యాప్‌కూ మధ్య కూర్చునే అబట్‌మెంట్లు 15, 25 డిగ్రీల వంపుతో దొరుకుతాయి, క్యాప్ నిటారుగా నిలబడుతుంది. కానీ స్క్రూ రంధ్రం పంటి ముందు వైపుకొస్తుంది కాబట్టి క్యాప్‌ను తరచూ సిమెంటుతో అతికించాల్సొస్తుంది. చిగురు కింద పిసరు సిమెంటు మిగిలినా వాపు, ఆ వాపుకి మరికాస్త ఎముక బలి. (సిగరెట్టు, అదుపులో లేని షుగరు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.)

వాలడమే తప్పని అనను. పళ్లన్నీ పోయినవాళ్లకు నాలుగు స్క్రూలతో పలువరస కట్టే పద్ధతిలో వెనక రెండింటినీ కావాలనే ఏటవాలుగా దించుతారు, అవి బాగానే నిలుస్తున్నాయి. నీ నేరం వాలు కాదు, వాలిన దిక్కు.

నిన్ను పీకించి, ఎముక గ్రాఫ్ట్ వేయించి, నెలల తరబడి ఆగి మళ్లీ మొదలుపెట్టాలేమో. నీతో ఇక మాటలెందుకు, చదివేవాళ్లకు చెబుతాను. ముందు పంటికి ఇంప్లాంట్ అనుకుంటే సీబీసీటీ (దవడ త్రీడీ ఎక్స్‌రే) స్కాన్‌లో అడ్డకోత చూపించమనండి, పెదవి వైపు ఎముక ఎంతుందో అడగండి. క్యాప్ ఎక్కడ రావాలో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి స్క్రూ దారి గీస్తున్నారా అనీ అడగండి. ఎముక చాలదు, ముందు గ్రాఫ్ట్ వేసి ఆగుదాం అనే డాక్టరు దొరికితే వదులుకోకండి.

ఇట్లు,
నిన్ను మోస్తున్న మనిషి