చెయ్యి మురికి కాకుండా పాత లారీ ఇంజన్ బాగుచేసుకునే చిట్కాలు

సెకండ్ హ్యాండ్ లారీ కొంటున్నారా? శుభం. ఆటోనగర్‌లో ఇంజన్ దింపించి, మేస్త్రీ షెడ్డు ముందు బల్ల మీద వారం రోజులు కునికిపాట్లు పడే ఖర్మ మీకు వద్దు. విజయవాడ–హైదరాబాద్ రోడ్డు మీద నేను వాడి చూసిన ఈ ఎనిమిది చిట్కాలు చాలు.

1. ఇంజన్ వేడిగా ఉండగానే చూడండి. మీరు వెళ్ళే అరగంట ముందే స్టార్ట్ చేసి ఉంచమని అమ్మేవాడికి ఫోన్ చేయండి. చల్లటి ఇంజన్ ఉన్న నిజమంతా కక్కేస్తుంది: మొండికేస్తుంది, దడదడలాడుతుంది, గుప్పున పొగ వదులుతుంది. అవన్నీ చూస్తే బేరం చెడుతుంది. మళ్ళీ ఇంకో లారీ కోసం ఎవరు తిరుగుతారు?

2. పొగను రాత్రిపూట పరీక్షించండి. నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టరో నాజిళ్ళో చెడ్డాయని, నీలిపొగ అయితే రింగులు అరిగి ఆయిల్ కాలుతోందని, తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయని మేస్త్రీలు భయపెడతారు. చీకట్లో మూడింటిదీ ఒకటే రంగు. మూడు రిపేర్లు మిగిలినట్టే.

3. డిప్ స్టిక్ జోలికి పోకండి. పొరపాటున లాగారనుకోండి, ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంటే అందులో నీళ్ళు కలిశాయని అర్థం. సంతోషించండి. మట్టం దానంతటదే పెరిగింది, ఆయిల్ డబ్బా ఖర్చు తప్పింది.

4. లోపల టకటక మంటే చిక్కటి ఆయిల్ పోయండి. అరిగిన బేరింగులు కొన్నాళ్ళు నోరు మూసుకుంటాయి. అప్పటికీ వినిపిస్తే క్యాబిన్‌లో పాటల సౌండు పెంచండి.

5. ఆయిల్ ప్రెజర్ లైటు ఎర్రగా వెలిగితే దాని మీద దళసరిగా కుంకుమ బొట్టు పెట్టండి. ఎరుపులో ఎరుపు కలిసిపోతుంది. శుక్రవారం శుక్రవారం కొత్త బొట్టు పెట్టడం క్లీనరుకు అప్పగించండి.

6. రేడియేటర్‌లో కూలెంట్ ఎందుకు? దారిలో దొరికిన బోరు నీళ్ళు పట్టండి. లోపల సున్నం కడితే గొట్టాల చిల్లులు ఉచితంగా పూడుతాయి. హీట్ ముల్లు ఎర్రగీత దాటితే గేజి వైరు పీకండి. ఆవిర్లు కమ్ముతుంటే బిందెడు చన్నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించండి. టప్‌మని హెడ్ చిట్లితే వేడి బయటికి పోవడానికి దారి దొరుకుతుంది.

7. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్–6 లారీ అయితే యూరియా ద్రావణం అడుగుతుంది. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు అని డబ్బా మీద రాస్తారు. అంత లెక్క మనకొద్దు. పొలానికి తెచ్చిన వేపపూత యూరియా నాలుగు దోసిళ్ళు బకెట్లో కలిపి పోయండి. పైపులు మూసుకుపోయి బండి పికప్ తగ్గుతుంది. నెమ్మదిగా వెళ్ళేవాడు క్షేమంగా వెళ్తాడు.

8. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. లోడు యజమాని ఫోన్ చేస్తే మొదటి రోజు డీజిల్ కల్తీ అనండి, రెండో రోజు డ్రైవరు అత్తగారికి సీరియస్ అనండి, మూడో రోజు అమావాస్య అనండి. నందిగామలో ఆగిపోయినా సూర్యాపేటలో టిఫిన్ చేస్తున్నామనే చెప్పండి. నాలుగో రోజు ఆయనే ఫోన్ మానేస్తాడు.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే ఏదో ఒక ఎత్తు మీద ఫుల్ లోడుతో ఉండగా ఇంజన్ పట్టేస్తుంది. కనెక్టింగ్ రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఇన్నాళ్ళూ దొరకని జబ్బు టార్చిలైటు కూడా అక్కర్లేకుండా కంటికి కనిపిస్తుంది. ఇక లారీని కట్టి లాగించి పాత ఇనుము కొట్టు కాటా మీద పెట్టండి. కాటాకు నీలిపొగ తెలియదు, టకటక వినపడదు. టన్నుల లెక్కన చేతికొచ్చిన డబ్బును అడ్వాన్సుగా ఇచ్చి ఇంకో సెకండ్ హ్యాండ్ లారీ బేరం చేయండి. వెళ్ళే అరగంట ముందు ఫోన్ చేయడం మాత్రం మరవకండి.