చిత్రసంక్షేప సూత్రము: సటీకా తాత్పర్యము

అవతారిక

మా ఊరి గ్రంథాలయమునకు ఏబది ఏండ్లు నిండిన సందర్భమున ఒక ప్రత్యేక సంచికను వెలువరింపవలెనని పెద్దలు తలపెట్టి, నాకు వ్యాకరణము కొంత వచ్చునను అపవాదు ఉండుటచేత కాబోలు, ఆ భారమును నా తలమీద మోపిరి. వ్యాసములు రాలేదు గాని ఫోటోలు వచ్చినవి. ఒకటి రెండు కాదు, 312. చాలవరకు ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్లకు తక్కువ తూగదు. వీనినెల్ల సంపాదకవర్గమువారికి పంపి చూపుదమన్నచో జీమెయిలు 25 మెగాబైట్లకు మించిన మూటను మోయనని మొరాయించును. ఒక్కొక్క చిత్రమును తెరచి, కుదించి, భద్రపరచి, మూయుదమన్నచో సంచిక శతజయంతికి గాని సిద్ధము గాదు. ఇట్లు నేను చింతాక్రాంతుడనై యుండగా, హైదరాబాదున సాఫ్ట్‌వేరు కొలువు చేయుచు సెలవులకు వచ్చియున్న మా మేనల్లుడు, బల్లమీది కిరాణాకొట్టు చీటీని తిరగవేసి, వెనుకవైపున ఒక్క పంక్తి గిలికి, "మామయ్యా, ఈ ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కండి, అన్నీ ఒకేసారి అయిపోతాయి" అని చెప్పి బస్సెక్కి పోయెను.

ఆ పంక్తిని చూడగానే నాకు పాణిని జ్ఞప్తికి వచ్చెను. అర్ధమాత్ర మిగిలినచో పుత్రోత్సవమువలె పొంగిపోవు సూత్రకారుల వంశము అంతరింపలేదనియు, నల్లని తెరలమీద నేటికిని వర్ధిల్లుచున్నదనియు గ్రహించి, ఎంటర్ నొక్కుటకు ముందు దానికొక టీక వ్రాయుట పండితధర్మమని తలంచితిని. నొక్కినది మాత్రము టీక సగములో నుండగనే. ఆ తొందరపాటు కథ యథాస్థానమున వచ్చును.

మూలము

మాగ్రిఫై -రీసైజ్ "1600×1600>" -క్వాలిటీ 82 -స్ట్రిప్ *.జేపీజీ

ప్రతిపదార్థము

మాగ్రిఫై = రూపము మార్చుము; -రీసైజ్ = కొలతను సవరింపుము; 1600×1600> = నిడివిగాని వెడల్పుగాని 1600 బిందువులకు మించినచో అంతకు దింపుము; -క్వాలిటీ 82 = నాణ్యతను ఎనుబదిరెండవ మెట్టున నిలుపుము; -స్ట్రిప్ = చిత్రమున కంటియున్న అదనపు సమాచారమును ఒలిచివేయుము; * = ఏ పేరు గలదైనను; .జేపీజీ = జేపీజీ యను తోక గల. "చిత్రముల నన్నింటిని" అనునది అధ్యాహారము. "ఓ యంత్రమా" అను సంబోధనమును పాఠకుడు తన చిత్తవృత్తి ననుసరించి చేర్చుకొనవచ్చును.

తాత్పర్యము

ఫోను తీసిన చిత్రము 4000×3000 కొలత గలదైనచో దానియందు 1,20,00,000 బిందువులుండును. సూత్రమందలి రెండు 1600లును చిత్రపు కొలతలు గావు, చిత్రము ఇముడవలసిన పెట్టె కొలతలు. కావున నిష్పత్తి చెడక అది 1600×1200 అగును. బిందువులు 19,20,000కు దిగును. అనగా ఆరుంబావు బిందువులకు ఒక్కటి చొప్పున మిగులుచున్నది. ఈ కోతయంతయు కన్ను గుర్తింపనంత నేర్పుగా జరుగును అని భావము.

విశేషములు

సూత్రకారుని గూర్చి రెండు మాటలు. మా మేనల్లుడు లేఖకుడే గాని కర్త గాడు. ఈ సూత్రము ఇమేజ్‌మ్యాజిక్ అను శాస్త్రములోనిది. 1987లో డూపాంట్ కంపెనీలో జాన్ క్రిస్టీ యను నాతడు, కోటిన్నరకు పైబడిన రంగులు గల చిత్రములను 256 రంగులు మాత్రమే చూపగల తెరమీద చూపింపవలసివచ్చి దీని నారంభించెను. 1990లో లోకమునకు ఉచితముగా ధారపోసెను. లేమిలో పుట్టిన శాస్త్రము గనుకనే పొదుపు దీనికి సహజగుణము.

ఇక 82. దీనిని నూటికి ఎనుబదిరెండు పాళ్లు నాణ్యత యని కొందరు వ్యాఖ్యానింతురు. అది సరిగాదు. జేపీజీ పద్ధతియందు చిత్రమును ఎనిమిదింటికి ఎనిమిది చొప్పున చదరపు గడులుగా విభజింతురు. ఒక్కొక్క గడిలో అరువదినాలుగు బిందువులు. (ఇచ్చట చతుష్షష్టి కళలతో సంబంధము కల్పింపవలెనని నా లేఖిని ఉవ్విళ్లూరినది, క్రింద పేర్కొనబోవు ఒక మహానుభావునికి జంకి మానుకొంటిని.) ఆ బిందువుల వెలుగునీడలను అరువదినాలుగు అలల కలయికగా తిరిగి వ్రాయుదురు. మొదటి అంకె ఆ గడి యొక్క సగటు వెలుగు. తరువాతివి పెద్ద అలలు. చివరివి అతిసూక్ష్మములైన తరగలు. అటుపిమ్మట ఒక పట్టికలోని అంకెలతో వానిని భాగించి, దగ్గరి పూర్ణాంకమునకు సరిపెట్టుదురు. కాణీలు పరకలు కొట్టివేసి రూపాయలే పద్దు వ్రాయు షావుకారు చేయునదియు ఇదియే. సూక్ష్మతరంగములు చాలవరకు సున్నలగును. సున్నల వరుసను "ఇన్ని సున్నలు" అని ఒక్క ముక్కలో చెప్పివేయవచ్చును. మిగిలినదానిని, 1952లో డేవిడ్ హఫ్‌మన్ విద్యార్థిగా నుండి ప్రకటించిన పద్ధతిని బట్టి, తరచు వచ్చుదానికి పొట్టిపేరును అరుదుగా వచ్చుదానికి పొడుగుపేరును పెట్టి మూటగట్టుదురు. ఇంటిలో పదిమార్లు పిలువవలసిన పిల్లవానిని బుజ్జి యనియు, ఏడాదికొకమారు వచ్చు చుట్టమును బిరుదనామములతోను పిలుచు మన ఆచారము ఇట్టిదే గదా!

ఎనుబదిరెండు ఆ భాగహారపు పట్టికను సవరించు అంకె. మార్గదర్శకముగా నిచ్చిన పట్టికలో మొదటి గడి భాజకము 16, చివరిది 99. నాణ్యత 50 అన్నచో అవి యథాతథముగా నుండును. 82 అన్నచో, రెండువందలలోనుండి దానికి రెట్టింపును తీసివేయగా మిగిలిన 36, నూటికి అన్ని పాళ్లుగా వానిని తగ్గించును: 16 కాస్తా 6 అగును, 99 కాస్తా 36 అగును. సగటు వెలుగును ఆరింటితోను, సన్నని తరగను ముప్పదియారింటితోను కోయుటలో నున్న పక్షపాతమే ఈ విద్యకు జీవము. మన కన్ను పెద్ద మార్పులను పట్టును, సన్నని నూగును పట్టదు. వెలుగును పట్టినట్లు రంగును పట్టదు. కావుననే 90కి దిగువ మెట్లలో సామాన్యముగా నాలుగు బిందువులకు కలిపి ఒక్క రంగునే పంచిపెట్టుదురు. మనకు తెలియకయే మన చూపులోని మాంద్యమును కొలిచి, ఆ మేరకు మనల నేమార్చిన శాస్త్రము ఇంకొకటి నేనెరుగను.

ఈ అలల గణితమునకు మూలపురుషులు నాసిర్ అహమ్మద్, నటరాజన్, కె. ఆర్. రావు అను ముగ్గురు. వీరి పత్రము 1974 జనవరిలో వెలువడినది. రావుగారి పూర్తిపేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ పేరు వినగానే తెలుగువాని చెవులు నిక్కుట సహజము. బెంగుళూరున జన్మించిన అహమ్మద్‌గారు అంతకు రెండేండ్లు ముందుగా, 1972లో, ఈ పరిశోధనకు ధనసాహాయ్యము కోరుచు అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు దరఖాస్తు పెట్టగా, ఆలోచన మరీ తేలికగా నున్నదని వారు నిరాకరించిరట! నేడు లోకమందలి ఫోటోలలో అధికభాగము ఆ తేలిక యాలోచన బలముననే తేలికపడి తిరుగుచున్నవి. క్లిష్టముగా లేనిది విద్య కాదను భ్రాంతి మన పండితులకే గలదనుకొంటిని. ఆవలి ఒడ్డునను గలదని తెలిసి కొంత ఊరట కలిగినది.

తరువాత బాణపు గుర్తు. మించినవానినే దింపుము, చిన్నవాని జోలికి పోకుము అని దాని యర్థము. అది లేనిచో చిన్నచిత్రములు సైతము పదునారువందలకు సాగదీయబడును. ఇచ్చట శంక: సూత్రమునకు ఉద్ధరణచిహ్నము లెందులకు? ఎవరి మాటను ఎవరు ఉదాహరించుచున్నారు? ఇవి లేఖకదోషములని నిర్ణయించి, పాఠపరిష్కర్తకు గల సహజాధికారముతో నేను వానిని తొలగించి మీట నొక్కితిని. సమాధానము వెంటనే తెరమీద కనబడినది. మాగ్రిఫై కంటె ముందు ఆ పంక్తిని చదువు ద్వారపాలకు డొకడు కలడు. వానిని షెల్ అందురు. వాని భాషలో అదే బాణపు గుర్తునకు "వచ్చినదానిని ఈ పేరుగల ఫైలులో పోయుము" అని యర్థము. చిహ్నముల కవచము లేకపోవుటచే వాడు బాణమును తనకొరకే ననుకొని, దాని ప్రక్కనున్న -క్వాలిటీ యను మాటను ఫైలుపేరుగా గ్రహించి, ఆ పేరుతో ఒక ఫైలును సృష్టించెను. దిక్కులేనిదైన 82ను మాగ్రిఫై చిత్రమని భ్రమించి, అట్టి చిత్రము కానరాదని ఫిర్యాదు చేసి, తక్కిన పనిని నిరాటంకముగా నెరవేర్చినది. పాత సభ్యు డొకడు ఎన్నడో పంపిన 640×480 చిత్రములు పదునారువందలకు ఉబ్బినవి. నాణ్యత యను పేరుగల ఆ ఫైలు తూకము సున్న బైట్లు. దానిని చెరిపివేయుదమని పేరు వ్రాయగా, పేరు ముందరి అడ్డుగీతను చూచి చెరుపు ఆజ్ఞ అది పేరు గాదు, తనకిచ్చిన మరియొక ఆదేశ మనుకొని తిరస్కరించినది. ముందు ఒక చుక్కయు ఏటవాలు గీతయు చేర్చినచో పోవునని పిమ్మట తెలిసినది గాని, ఎందుకో దానిని అట్లే యుంచితిని.

-స్ట్రిప్ గూర్చి క్లుప్తముగ. ప్రతి చిత్రమునకు ఎగ్జిఫ్ అను జాతకచక్ర మొకటి అంటియుండును: ఏ ఫోను, ఏ దినము, ఏ గడియ, జీపీఎస్ తెరచియున్నచో ఏ అక్షాంశరేఖాంశములు. పరుల కిచ్చు చిత్రమునుండి దీనిని ఒలుచుట వివేకమే. అయితే అందులోనే "ఇది నిలువుచిత్రము, తిప్పి చూపుము" అను సూచనయు నుండును. ఫోను అడ్డముగా వ్రాసికొని, ఆ సూచన బలమున నిలువుగా చూపుచుండును. -స్ట్రిప్ దానిని గూడ ఊడబెరుకును. తత్ఫలితముగా మా గ్రంథాలయాధ్యక్షులు, మాల్యాంబరధరులై, మైకు ముందర శయనించి ఉపన్యసించుచున్నట్లు తేలిరి. -ఆటో-ఓరియెంట్ అను పదమును ముందు చేర్చినచో ఈ శేషశయనము తప్పును.

నక్షత్రమును గూర్చి ఒక్క చమత్కారము. దానికి సర్వనామత్వము కలదు గాని తోకయందు పట్టింపు ఎక్కువ. చిన్న అక్షరముల జేపీజీ వేరు, పెద్ద అక్షరముల జేపీజీ వేరు. తెలుగు లిపికి పెద్దక్షరము చిన్నక్షరము అను కులభేదము లేదు. కావున ఈ సూక్ష్మము తెలుగువాని బుద్ధికి తట్టదు. స్టూడియోవారి పెద్ద కెమేరా తీసిన నలువది చిత్రముల తోకలు పెద్దక్షరములతో నుండుటచే సూత్రము వానిని ముట్టలేదు. అవి ఏల కుదియలేదని ఆనాడు విసుగుకొంటిని.

మౌసు సంప్రదాయమువారు ఇర్ఫాన్‌వ్యూ యను గ్రంథమును తెరచి, బి యను అక్షరమును నొక్కి, పట్టికలో గడులు నింపి ఇదే ఫలమును పొందుదురు. వారిది సులభమార్గము. అందు టీకకు అవకాశము లేదు.

క్రియాపదమును చివరకు ఉంచితిని. మన వాక్యమున దాని స్థానము అదియే. ట్రాన్స్‌మాగ్రిఫై యను ఆంగ్లపు హాస్యపదమునకు శిరశ్ఛేదము చేయగా మాగ్రిఫై మిగిలినది. ఉన్నదానిని వింతరూపమునకు మార్చివేయుట దాని యర్థము. క్రొత్తప్రతిని వ్రాయుట దీని స్వభావము గాదు. -పాత్ అని వేరొక ఫోల్డరు పేరు చెప్పిననే తప్ప, ఏ చిత్రమును తీసికొన్నదో ఆ చిత్రము మీదనే కుదించినదానిని వ్రాసివేయును, మూలము మిగులదు. మెదకుసీమ కొల్చారమున పుట్టిన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞచేసి టీకలు వ్రాసినాడు. ఆయనకు జంకియే చతుష్షష్టి కళలను విడిచితిని. అట్టి వ్యాఖ్యాతృవంశమున చేరగోరిన నేను, మూలమును మ్రింగు సూత్రమునకు టీక వ్రాయ బూనుకొంటినని అప్పటికి నాకు తెలియదు.

అచ్చువా రడిగినప్పుడు తెలిసినది. ముఖపత్రమునకు గ్రంథాలయ ప్రారంభోత్సవపు ఫోటో కావలయునని పెద్దలు నిర్ణయించిరి. దాని కాగితపు ప్రతిని చెదలు తినివేయగా, అంతకు ముందే ఎవరో ఫోనుతో తీసియుంచిన 4000 బిందువుల ప్రతియే శరణ్యము. అది చిన్నక్షరపు తోక గలది. "అంగుళానికి మూడువందల చుక్కలుండాలండీ, మీరు పంపినది అయిదున్నర అంగుళాలైనా రాదు" అని ప్రెస్సువాడు ఫోనులో చెప్పెను. లెక్క కట్టితిని: 1600ను 300తో భాగించగా అయిదుంబావు పైచిలుకు. మొదటి ప్రతి యుండినచో పదమూడంగుళములు వచ్చెడిది.

మేనల్లునికి ఫోను చేసి, మూలమును నశింపజేయు మంత్రమును హెచ్చరిక లేక ఉపదేశించుట తగునా యని నిలదీసితిని. వాడు కొంతసేపు ఊరకుండి, "రాశాను కదా మామయ్యా, చీటీ రెండోవైపు చూడలేదా?" అనెను. చీటీ పంచాంగములో దొరికినది. నేను వెనుకవైపునకు మాత్రమే టీక వ్రాసితిని. ముందువైపున కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అరకిలో, ఆవాలు, ఇంగువ, ఇంగువ క్రింద, మా మేనల్లుని కోడిగీతలతో: "ముందు ఫోల్డరు మొత్తం కాపీ తీసుకోండి."