కత్తెర ఎవరి చేతికి?

సియోల్ నగరంలోని మాపో వంటి పాత పేటల్లో, బల్ల మధ్యన బొగ్గుల కుంపటి పెట్టి, పైకప్పు నుంచి పొగగొట్టం వేలాడదీసిన చిన్న హోటళ్లలో, సాయంత్రం పూట ఒక బల్ల చుట్టూ చేరిన నలుగురిని చూసి వారు స్నేహితులని తేల్చేయడం శాస్త్రసమ్మతం కాదు. కొరియన్ ఆచారంలో స్నేహితుడు, అంటే ‘చింగూ’, అనిపించుకోవడానికి ఇష్టం, నమ్మకం, కష్టానికి అడ్డుపడే గుణం ఉంటే మంచిదే గాని, వాటన్నిటికన్నా ముందు ఒకే సంవత్సరంలో పుట్టి ఉండాలి. ఒక్క ఏడాది ముందు పుట్టినవాడు ఎంత ప్రాణమిచ్చేవాడైనా మగవారికి ‘హ్యంగ్’, ఆడవారికి ‘ఒప్పా’, అంటే అన్న అవుతాడే తప్ప స్నేహితుల జాబితాకు ఎక్కడు. అందువల్ల కొత్తగా కలిసినవారు ఆకలి సంగతి తర్వాత చూసుకుందామని ముందు ఒకరి పుట్టిన సంవత్సరం ఒకరు కనుక్కుంటారు. తెలుగునాట అరవై ఏళ్ల పెద్దమనిషి పాతికేళ్ల ఆటో డ్రైవరును ‘అన్నా’ అని పిలిచి పని జరుపుకోగలడు గాని, అంతటి ఉదారత సియోల్‌లో చెల్లదు. అక్కడ వరస కలవాలంటే ముందు తేదీ తేలాలి. వడ్డించే నడివయసు ఆమెను మాత్రం అందరూ చనువుగా ‘ఇమో’, అంటే తల్లికి తోబుట్టువు, అని పిలుస్తారు. అదనపు కూరలు తెచ్చేది ఆమే గనుక ఈ బంధుత్వానికి విచారణ అక్కర్లేదు.

ఈ వయసు లెక్కతో స్వయంగా ప్రభుత్వమే తలపడవలసి వచ్చింది. సంప్రదాయ గణన ప్రకారం పుట్టిన బిడ్డకు పుట్టగానే ఒక ఏడు, ఆపైన ప్రతి జనవరి 1న మరొక ఏడు చేరతాయి గనుక, డిసెంబరు 31న పుట్టిన శిశువు మర్నాడు రెండేళ్ల వయసుతో నిద్ర లేస్తుంది. 2023 జూన్ 28న అమల్లోకి వచ్చిన చట్టం సాధారణ పౌర, పరిపాలనా వ్యవహారాలకు పుట్టినరోజు లెక్కనే ప్రమాణం చేయడంతో దేశమంతా ఒక్క రాత్రిలో ఏడాదో రెండేళ్లో చిన్నదైంది. కాయకల్ప చికిత్సకు ఇంతకన్నా చవకైన మార్గం ఏ వైద్యుడూ కనిపెట్టలేదు. అయితే మద్యం అమ్మకం దగ్గరికి వచ్చేసరికి చట్టం కూడా జంకి, 19 ఏళ్లు నిండబోయే సంవత్సరంలో జనవరి 1 నుంచే తాగవచ్చునన్న పాత పద్ధతినే ఉంచింది. హోటల్ బల్ల దగ్గరైతే అసలు ఏ మార్పూ లేదు, ఎందుకంటే అందరి వయసూ తగ్గినప్పుడు పెద్దవాడి పెద్దరికం తగ్గదు.

ఈ వ్యవస్థకు నిజమైన ముప్పు ఫిబ్రవరిలో పుట్టినవాడు. 2009కి ముందు బడిలో చేర్చుకునేటప్పుడు మార్చి నుంచి మరుసటి ఫిబ్రవరి వరకు పుట్టినవారిని ఒకే తరగతిగా లెక్కించేవారు గనుక, 1990 ఫిబ్రవరిలో పుట్టినవాడు 1989 వారితో చదువుకుని వారికి చింగూ అయ్యాడు, బడి బయట 1990 వారికీ చింగూ అయ్యాడు. ఈ రెండు జట్లు ఒకే కుంపటి చుట్టూ చేరిన రాత్రి, 1989 వాడు 1990 వాడికి అన్న, ఫిబ్రవరివాడు మాత్రం ఇద్దరికీ సమానుడు. క, ఖలు సమానమై, ఖ, గలు సమానమైతే క, గలు కూడా సమానమేనని తర్కశాస్త్రం చెబుతుంది గాని, ఆ సూత్రం రాసినవారు ఫిబ్రవరివాడితో కలిసి భోంచేసినట్టు లేదు. కొరియన్లు ఇటువంటివాణ్ణి వంశవృక్షం పాడుచేసేవాడని ఎగతాళి చేస్తారు.

తగవు తీరినా తీరకపోయినా మాంసం వస్తుంది. అది సాధారణంగా ‘సామ్‌గ్యప్‌సల్’, అంటే పొరలు పొరలుగా కొవ్వు పట్టిన పంది పొట్టభాగం. చాలాచోట్ల ఇద్దరికి సరిపడా చెప్పనిదే కుంపటి వెలిగించరు. పొడవాటి ముక్కలను పట్టకారుతో తిప్పి, వంటింటి కత్తెరతో నోటికి పట్టేంత ముక్కలుగా కోయాలి, ఈ పని బల్ల దగ్గరి కనిష్ఠుడిది. అతడు పొగలో కళ్లు తుడుచుకుంటూ ఉండగా పెద్దలు మాంసం ఎప్పుడు తిప్పాలో సలహాలు ఇస్తారు, కాలిన మొదటి ముక్కను తింటూ సలహా సవరిస్తారు. పైకం లేకుండా వచ్చే చిన్న గిన్నెల కూరలను ‘బాన్‌చాన్’ అంటారు, అడిగితే మళ్లీ నింపుతారు. పదార్థాలు ఎక్కడివో తెలిపే పట్టిక గోడమీద ఉండాలన్నది అక్కడి నిబంధన. బియ్యం స్వదేశీ అనీ, జాతీయ గౌరవానికి ప్రతీకగా చెప్పుకునే కిమ్చీ పచ్చడి చైనా నుంచి వచ్చిందనీ ఆ పట్టిక తరచు ఏ సంకోచం లేకుండా ప్రకటిస్తుంది. కడుపు పగిలేలా మాంసం తిన్న తర్వాత ‘ఇమో’ వచ్చి, భోజనం ఏం తీసుకుంటారని అడుగుతుంది, ఎందుకంటే అన్నమో చల్లని నూడుల్సో పడనిదే దాన్ని భోజనమనరు. పెరుగన్నంతో ముగించనిదే విస్తరి ముందు నుంచి లేవని తెలుగువారు ఈ ఒక్క విషయంలో కొరియన్లను ఆక్షేపించలేరు.

సోజూ అనే తెల్లని మద్యం సీసా 360 మిల్లీలీటర్లు, అక్కడి చిన్న గ్లాసులతో కొలిస్తే సుమారు ఏడు. ఇద్దరు తాగినా ముగ్గురు తాగినా సమంగా పంచగా ఒక గ్లాసు మిగులుతుంది, నలుగురైతే ఒకటి తగ్గుతుంది. ఎటు చూసినా న్యాయం జరగాలంటే ఇంకో సీసా తెప్పించక తప్పదు. ఏడు ప్రధానసంఖ్య కావడం గణితానికి ఏం మేలు చేసిందో గాని, హోటల్ యజమానికి చేసింది స్పష్టం. పెద్దవాడు పోస్తే చిన్నవాడు రెండు చేతులతో గ్లాసు పట్టి, ముఖం పక్కకు తిప్పుకుని తాగాలి. 2019లో కియా కర్మాగారంలో కార్ల ఉత్పత్తి మొదలయ్యాక పెనుకొండ పరిసరాల్లో కొరియన్ హోటళ్లు వెలిశాయి గనుక, పై అధికారి పోసినప్పుడు గోడకేసి చూస్తూ తాగే ఈ విద్య రాయలసీమకు కూడా చేరువైంది.

ఇంత సేవకూ ప్రతిఫలం బిల్లు దగ్గర ముడుతుంది: చిన్నవాడు శ్రమ ఇచ్చాడు, పెద్దవాడు పైకం ఇస్తాడు, ఆ మేరకు గౌరవం కొనుగోలు పూర్తవుతుంది. నిజానికి ఇది న్యాయమైన బేరం, దాన్ని ఎగ్గొట్టే ప్రయత్నాలే హాస్యాస్పదం. చెప్పులు విడిచి కూర్చునే హోటళ్లలో, అందరూ లేచిన తర్వాత బూటు తాడు తీరిగ్గా ముడివేసుకుంటూ వెనకబడేవాడు కొరియన్ హాస్యంలో చిరపరిచితుడు. దానికి విరుగుడుగా, మరుగుదొడ్డికని లేచి గల్లాపెట్టె దగ్గర గుట్టుగా బిల్లు కట్టి వచ్చే మానధనులూ ఉన్నారు. బల్ల దగ్గర ప్రభుత్వోద్యోగో, ఉపాధ్యాయుడో, విలేకరో ఉంటే మరో చిక్కు. మాజీ న్యాయమూర్తి కిమ్ యంగ్-రాన్ పేరుతో వ్యవహరించే, 2016లో అమలైన అవినీతి నిరోధక చట్టం ప్రకారం, వృత్తి సంబంధం ఉన్నవారు వారికి పెట్టే భోజనం 30 వేల వాన్లు దాటరాదన్నది తొలి హద్దు. 2024లో ఆ హద్దును 50 వేలకు పెంచడంతో విలేకరుల నిజాయితీ విలువ కూడా ధరలతోపాటు పెరిగినట్టయింది.

ఇటీవలి తరం ఈ గొడవ వద్దని, ఫోనులోని చెల్లింపుల యాప్‌తో బిల్లును తలా ఇంతని భాగించి ఒక్కొక్కరికీ సందేశం పంపుతోంది. ఈ సంస్కరణను పెద్దలు వెంటనే స్వాగతించారు, పట్టకారూ కత్తెరా మాత్రం కనిష్ఠుడి చేతిలోనే ఉంచారు. గౌరవానికి ధర కట్టడం మానేశాక కూడా సరుకు పాత తూకానికే కావాలన్న ఈ కోరికను ఏ వినియోగదారుల ఫోరమూ ఇంతవరకు విచారణకు స్వీకరించలేదు. పైగా, మాంసం అంతా కోసినవాడే రాత్రి ఇంటికి చేరి లెక్కలు కూడా వేసి పంపితే, తాను సోజూ ముట్టలేదు గనుక ఆ పద్దు తన వాటాలోంచి తీసివేయవలసిందని అన్నగారి నుంచి జవాబు వస్తుంది.