ఓటరు కార్డుతో పాటు పాస్‌పోర్టు

ఎండలు ముదిరి పిల్లలకు సెలవులిచ్చేసరికి తెలుగిళ్లలో ఏటా ఒక పంచాయితీ మొదలవుతుంది. ఒక పక్షం బ్యాంకాక్ అంటుంది, బాలి అంటుంది, చేతిలో కాస్త డబ్బు ఆడుతుంటే స్విట్జర్లాండ్ కూడా అంటుంది. రెండో పక్షం, అంటే ఖర్చు భరించాల్సిన పక్షం, ‘ముందు మన గండికోట చూశారా, రామప్ప చూశారా’ అని నిలదీస్తుంది. ఎన్నేళ్లయినా ఈ తగువు తెగకపోవడానికి కారణం, ఇరుపక్షాలూ దీన్ని సరదా వ్యవహారం అనుకోవడమే. రాష్ట్రం విడిపోయిన దగ్గర్నుంచి మన నాయకులు మనకు చూపిస్తున్న సరుకంతా విదేశీ సరుకే. అమరావతి సింగపూర్ అవుతుందన్నారు. 2015లో మాస్టర్ ప్లాన్ కూడా సింగపూర్ వాళ్లే గీసిచ్చారు. పాతబస్తీని ఇస్తాంబుల్ చేస్తామని చంద్రశేఖరరావు గారు సెలవిచ్చారు. మూసీకి థేమ్స్ ఆదర్శమని 2024 జనవరిలో రేవంత్ రెడ్డి గారు లండన్ వెళ్లి అక్కడి నదీ అధికారులతో మాట్లాడి వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో మంత్రుల బృందం సియోల్ వెళ్లి అక్కడి వాగునూ చూసొచ్చింది. చీర కొనేవాళ్లు కూడా మడత విప్పి, అంచు చూసి, వెలుగులోకి పట్టుకెళ్లి మరీ బేరమాడతారు. సింగపూర్ ఎలా ఉంటుందో ఎరగని ఓటరు అమరావతి సింగపూర్ అయిందో కాలేదో ఏం చూసి తేలుస్తాడు? అందుచేత ఈ కాలమ్ తీర్పు ఏమిటంటే, విదేశయాత్ర విలాసం కాదు, తనిఖీ. ఓటరు కార్డున్న ప్రతివాడికీ పాస్‌పోర్టు కూడా ఉండాలి.

ఇక రెండో పక్షం వాదనలు. మొదటిది, చూడదగ్గవన్నీ మన దగ్గరే ఉన్నాయని. నిజమే, అక్షరాలా నిజం. సింగపూర్ వాళ్లు ప్రపంచమంతా తిప్పి చూపించుకునే సింహం తల, చేప తోక బొమ్మ ఎత్తు 8.6 మీటర్లు, వయసు యాభై ఏళ్ల పైచిలుకు, ఒళ్లు సిమెంటు. మన పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయి. యునెస్కో వారికి ఆ సంగతి గుర్తించడానికి 2021 దాకా పట్టింది. నంద్యాల జిల్లా బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా భూగర్భంలో సాగుతాయి. జనం నడవడానికి తెరిచింది అందులో సగమే. గండికోట దగ్గర పెన్నా నది ఎర్రరాతిని చీల్చిన లోయ చూసినవాడు మరో దేశం లోయకు టికెట్టు కొననక్కర్లేదు. వింతల పోటీ పెడితే మనమే గెలుస్తాం. అయితే అక్కడికి వెళ్లే దారి సంగతి? తెల్లవారుజామున కారెక్కిన కుటుంబంలో ఆడవాళ్లు ఆ ఉదయం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. సీసా చేతిలోనే ఉంటుంది, మూత తీయరు. దారిలో పెట్రోలు బంకు కనబడితే డ్రైవరు వేగం తగ్గిస్తాడు. ఒకావిడ దిగి వెళ్లి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అంతే వేగంగా తిరిగొచ్చి, ‘వద్దులే, పోనీ’ అంటుంది. గుడి శిల్పం గురించి గంటసేపు చెప్పే గైడు దొరుకుతాడు గానీ, గడియ పడే తలుపున్న మరుగుదొడ్డి ఎక్కడో చెప్పేవాడు దొరకడు. దూరపు కొండలు నునుపు అని రెండో పక్షం ఎగతాళి చేస్తుంది. నునుపుగా ఉన్నవి కొండలు కావు బాబూ, రోడ్లు.

వింతల కంటే వసతులు చూడడమే యాత్ర అన్న మాటకు మన పెద్దల్లోనే సాక్షి ఉన్నాడు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు దాటాక 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే గోపురాల వర్ణన కన్నా మజిలీల లెక్కే ఎక్కువగా తగులుతుంది. బాట ఎలా ఉంది, బావి నీళ్లు తాగొచ్చా, అంగళ్లున్నాయా, దిగడానికి సత్రముందా, ఏటికి పడవలున్నాయా, బోయీలు దొరుకుతారా అన్నీ ఆయనకు కావాలి. దేశంలోనే తిరిగి ఇంత తెలుసుకున్నాడు కదా, విదేశం దేనికని అడగొచ్చు. ఆయన కళ్లతో తిరిగేవాడికి అక్కర్లేదు. కానీ ఇవాళ స్వదేశంలో తిరిగేవాడి దగ్గర ఆ కళ్లు లేవు. ‘సర్దుకుపోదాం’ అన్న మాటొక్కటి ఉంది. పోల్చుకోవడానికి రెండోది చూడనివాడికి కాలిబాట లేకపోవడం కూడా వానలు, ఎండల్లాగా ప్రకృతి సహజంగానే తోస్తుంది. ప్రకృతి మీద ఫిర్యాదు ఎవరు రాస్తారు?

రెండో అభ్యంతరం ఇంకాస్త పదునైనది. మనవాళ్లు విదేశం వెళ్లి మాత్రం ఏం చూస్తున్నారు అని. ఇది పూర్తిగా కొట్టిపారేయలేం. కొన్ని ప్యాకేజీల్లో వంటవాడు కూడా వెంటే వస్తాడు. ఈఫిల్ టవరు ముందు ‘ఫోటో స్టాప్’ ఇస్తారు. ఫ్రెంచి చరిత్రకు వీపు తిప్పి నిలబడి నవ్వడానికి అది సరిపోతుంది. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైల్వే స్టేషను 3,454 మీటర్ల ఎత్తున ఉంది. మంచుపర్వతాల్ని తొలిచి అక్కడిదాకా పట్టాలు వేయడానికి స్విస్ ఇంజనీర్లకు పదహారేళ్లు పట్టింది, 1912లో పూర్తిచేశారు. అంత ఎత్తుకెక్కిన మన బృందం అడిగే మొదటి ప్రశ్న ఇండియన్ భోజనం ఎక్కడని. వాళ్లూ తెలివైనవాళ్లు, ఆ శిఖరం మీద బాలీవుడ్ పేరుతోనే హోటల్ పెట్టారు.

ఇంత పకడ్బందీగా ఏమీ చూడకుండా తిరిగినవాడిని కూడా ఒకచోట విదేశం పట్టుకుంటుంది, జీబ్రా గీతల దగ్గర. మనవాడు అంచున నిలబడతాడు. వస్తున్న కారు ఆగుతుంది. ‘నువ్వు పోవయ్యా’ అని చేత్తో సైగ చేస్తాడు. కారు కదలదు. లోపలున్నవాడు ‘మీరే నడవండి’ అని సైగ చేస్తాడు. కాసేపు ఈ మర్యాదల పోటీ నడిచాక మనవాడికి అనుమానం వస్తుంది, వెనకెవరైనా మంత్రి గారు ఉన్నారేమోనని తిరిగి చూస్తాడు. ఎవరూ ఉండరు. చివరికి అలవాటు ప్రకారం అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పరిగెత్తే దూడలా అవతలికి ఉరుకుతాడు. ఊరికొచ్చాక చుట్టాలందరికీ చెప్పేది మంచు గురించి కాదు, ‘నా కోసం కారాపాడ్రా’ అనే. మూడు లక్షలు పోసి కొనుక్కొచ్చిన పాఠం అది. పాదచారికి హక్కుంటుందని మన పాఠ్యపుస్తకంలోనూ ఉంది. చదివినప్పుడు మార్కులొచ్చాయి తప్ప నమ్మకం రాలేదు.

అక్కడి జనాభా ఎంత, చలిదేశాలు, పైగా మనల్ని దోచుకుని బాగుపడ్డారు అనేది మూడో వాదన. దోపిడీ మాట అబద్ధం కాదు. అమరావతి స్తూపం దగ్గర బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన శిల్పాలు 1859లో లండన్ చేరాయి. ఇప్పుడక్కడి బ్రిటిష్ మ్యూజియంలో వాటికో గది ఉంది, ప్రవేశం ఉచితం. గుంటూరు మనిషి ఒకప్పటి గుంటూరు జిల్లా సొమ్ము చూడాలంటే మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు పట్టుకుని వీసా కోసం క్యూ కట్టాలి. స్వదేశమే చూడమనే పెద్దలు దీన్ని ఏ పద్దులో రాస్తారో తెలియదు. కానీ దోపిడీ సాకు సింగపూర్‌కు వర్తించదు. అదీ బ్రిటిష్ వలసే. చలిదేశమూ కాదు, భూమధ్యరేఖకు డిగ్రీన్నర లోపే ఉంది. దాని నది కూడా ఒకప్పుడు మూసీకి చెల్లెలే. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టారు. ఒడ్డునున్న పేదలకు ప్రభుత్వ ఫ్లాట్లు, వీధి వ్యాపారులకు కప్పున్న అంగళ్లు చూపించి తరలించారు. పందుల, బాతుల పెంపకం ఎత్తేశారు. మురుగు కాల్వల్ని శుద్ధి కేంద్రాలకు మళ్లించారు. 1987కి పని ముగిసింది. మనకు గడువు పెట్టడం రాదని కాదు, ప్రతి ప్రభుత్వమూ కొత్త గడువుతోనే మొదలెడుతుంది.

డబ్బు సంగతి నాలుగోది. 2023-24లో లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము కింద విదేశీ ప్రయాణాల కోసం మనవాళ్లు పంపిన సొమ్ము సుమారు 1,700 కోట్ల డాలర్లు. ఆ స్కీము కింద దేశం దాటిన మొత్తంలో ఇది సగానికి పైనే. 2019 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని, 2022లోగా దేశంలోనే పదిహేను చోట్లు చూడమని కోరారు. మాట వినని వాళ్లకు 2023 అక్టోబరు నుంచి ప్యాకేజీ ఖర్చులో ఏడు లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం పన్ను ముందే పట్టుకున్నారు, తర్వాత ఆ పట్టు కాస్త సడలించారు. ఇంత దేశభక్తిలో ఆ పదిహేను చోట్లకూ నీళ్ల కుళాయి, తలుపు గడియ కూడా చేర్చి ఉంటే 1,700 కోట్లలో కొంతైనా ఇంట్లోనే మిగిలేది. స్వదేశీ సరుకును పన్నుతో అమ్మాలని చూస్తే, కొన్నవాడు వాడతాడు గానీ మెచ్చుకోడు.

వలస వెళ్లినవాళ్లు ఇంతకంటే బాగా నేర్చుకుంటారు కదా అంటారా? నేర్చుకుంటారు, కానీ అక్కడే ఉండిపోతారు. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. దేవుడికి కూడా మనం వెళ్లే దారే ఎక్కువగా చూపించాం. అక్కడ స్థిరపడ్డవాడికి మన కాలిబాట మీద అభిప్రాయం ఉంటుంది, మన వార్డులో ఓటుండదు. పన్నెండు రోజుల టూరిస్టుకు తక్కువ తెలిసినా తిరుగు టికెట్టుంది.

విదేశయాత్ర ఏమాత్రం పనిచేయని జాతి ఒకటుంది, అధికారిక అధ్యయన బృందం. ఎందుకంటే వాళ్లు రోడ్డు దాటరు. హోటల్ గుమ్మం దగ్గర ఎక్కించుకున్న బస్సు నది ఒడ్డునే దింపుతుంది. సియోల్ చెయోంగ్యెచెయోన్ వాగు మీది ఎత్తైన రహదారిని కూల్చి, 2003-05 మధ్య ఆరు కిలోమీటర్ల మేర నీళ్లు పారించారు. ఆ నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి రోజూ పంపులతో తోడిపోసేవేనన్న సంగతి ఫోటోలో పడదు. మురుగు ఎటు పోతోందో అసలే పడదు. కాబట్టి ఒక చిన్న సవరణ. ఇకపై అధ్యయన యాత్రకు మేయర్లతో పాటు డ్రైనేజీ మ్యాన్‌హోల్ దగ్గర పనిచేసేవాళ్లను, వార్డు ఇంజనీర్లను పంపాలి. కారు, గైడు, శాలువా ఇవ్వకూడదు. సిటీ బస్సు కార్డొకటి చేతిలో పెట్టి వదిలేయాలి. తిరిగొచ్చాక ఎవరూ నివేదిక రాయనక్కర్లేదు. మేయరు గారు మాత్రం ఆఫీసు వేళ లక్డీకాపూల్ దగ్గర, ముందు సైరన్ లేకుండా, వెనక గన్‌మెన్ లేకుండా ఒక్కసారి రోడ్డు దాటి చూపిస్తే బిల్లు పాస్ చేసేయొచ్చు.