గ్రాఫిక్స్ కార్డును వెనక నుంచి ఎంచుకోండి

గ్రాఫిక్స్ కార్డు కొనబోయేవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటే: బడ్జెట్ తేల్చుకో, ఆ డబ్బుకి వచ్చేవాటిలో ఎక్కువ స్పీడున్నది తీసుకో. నేను దీన్ని తలకిందులు చేయమంటాను. స్పీడు సంగతి ఆఖరున చూడండి. ముందు మీ మానిటర్‌ను ఇటు తిప్పి, దాని వెనక ఉన్న పోర్టులను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ ఫొటో లేకుండా కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కకండి.

మానిటర్ పాతదై, 15 పిన్నుల నీలం వీజీఏ పోర్టు ఒక్కటే ఉందనుకోండి. 'ఏం పర్లేదు సార్, చిన్న కన్వర్టర్ తగిలిస్తే సరిపోద్ది' అంటారు షాపువాళ్లు. అక్కడే ఆగండి. ఆ కన్వర్టర్ తగిలించేది కార్డు మీదున్న తెల్లటి డీవీఐ పోర్టుకైతే, దాన్ని దగ్గరగా చూడండి. ఒక పక్కన అడ్డంగా సన్నని చీలిక ఉంటుంది. దాని చుట్టూ నాలుగు రంధ్రాలుంటే అది డీవీఐ-ఐ. వీజీఏకి కావాల్సిన అనలాగ్ సిగ్నల్ వాటిలోంచే వస్తుంది. ఆ నాలుగూ లేకపోతే డీవీఐ-డి. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1080లో ఉన్నది ఇదే. చౌక కన్వర్టర్ లోపల తీగలు తప్ప సిగ్నల్‌ను మార్చే చిప్ ఉండదు, కాబట్టి తెర మీద ఏమీ రాదు. చిప్ ఉన్నది పనిచేస్తుంది. అయినా ఆఫీసు పనికైతే నేను వీజీఏ పోర్టు నేరుగా ఉన్న జీటీ 710 రకమే కొనమంటాను. గేములకు పనికిరాదని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి, మీకు ముందు తెర వెలగాలి కదా!

డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లడం తేలిక. చాలా కార్డులు ఆ పోర్టులోంచే హెచ్‌డీఎంఐ సిగ్నల్ కూడా పంపగలవు, మామూలు అడాప్టర్ చాలు. హెచ్‌డీఎంఐ కార్డు నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కు వెళ్లాలంటే మాత్రం చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, దానికి తరచూ యూఎస్‌బీ నుంచి కరెంటు కూడా ఇవ్వాలి. ఈ తేడా కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

4కె మానిటర్ వాళ్లు పోర్టు వెర్షన్ కూడా చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టయితే 4కె బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి, అదీ రెండు వైపులా.

మూడు తెరలు పెట్టుకునే షేర్ల వ్యాపారులకు ఒక మాట. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకు మామూలుగా రెండే పోర్టులుంటాయి, ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్. మూడోది మదర్‌బోర్డుకు తగిలిద్దామంటే, 12400ఎఫ్ లాగా పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, ఆ పోర్టు పనిచేయదు.

ఒకే చిప్‌తో వేర్వేరు కంపెనీలు చేసిన కార్డులకు పోర్టులు వేరుగా ఉండొచ్చు. అందుకే బిల్లు వేయించకముందే, మీరు కొనే ఆ కార్డునే చేతిలోకి తీసుకుని, వెనక పోర్టులను మీ ఫొటోతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. బాక్సు తెరవమని అడగడానికి మొహమాటపడకండి.