బీరువా మీది ఇంజను

మీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకోను? నాకు రైలింజన్ల పిచ్చి. చూసి సంతోషించే పిచ్చయితే ఇబ్బందే లేదు, పైసా ఖర్చు కాదు. నాది కొని దాచుకునే పిచ్చి.

ఉద్యోగానికని బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తలో, బొమ్మ రైళ్ల దుకాణంలో ఒక నీలం రంగు ఎలక్ట్రిక్ ఇంజను కంటబడింది. నంబరు 86259. అసలు ఇంజనులో 76వ వంతు, జానెడు పొడవుంటుంది. ఒక పక్క పలక మీద ‘లెస్ రాస్’ అని, రెండో పక్క ‘పీటర్ పాన్’ అని పేర్లు. లెస్ రాస్ అంటే ఈ ఊరి రేడియోలో ఏళ్ల తరబడి పొద్దున్నే జనాన్ని నిద్రలేపిన గొంతు. రైళ్లంటే ఎంత ప్రాణమంటే, 1966లో డాన్‌కాస్టర్ వర్క్స్‌లో తయారైన అసలు ఇంజన్నే సొంతానికి కొనుక్కున్నాడు. ఎనభై టన్నులు దాటిన ఇంజను! ఆ సంగతి తెలిశాక నా మనసు ఆగలేదు. పైగా దాన్ని నడిపేది 25 వేల ఓల్టుల ఏసీ కరెంటు. మా బెజవాడ లోకోషెడ్డు ఇంజన్లదీ అదే. చుట్టరికం కలిసిందిగా! ఫ్రిజ్‌కని తీసి ఉంచిన డబ్బు పెట్టి కొనేశాను. ఇంట్లో సగం ధరే చెప్పాను. చీర ధరో, ఫోను ధరో మీరూ ఎప్పుడో తగ్గించి చెప్పే ఉంటారు.

తెచ్చి బీరువా మీద పెట్టాను, డబ్బాతో సహా. బయటికి తీస్తే విలువ పడిపోతుందని ఎవరో అంటే నమ్మేశాను. ఆదివారం ఆదివారం దించడం, మూత తీసి కళ్లారా చూసుకోవడం, మళ్లీ మూసేయడం. “ఒక్కసారి పట్టాల మీద పెట్టవా నాన్నా” అని మా అమ్మాయి బతిమాలితే “పెద్దయ్యాక” అన్నాను.

ఓసారి మా బావమరిది వాళ్లు భోజనానికొచ్చారు. వాళ్ల బుడ్డోడు కుర్చీ ఎక్కాడు, డబ్బా దించాడు, ఇంజను చేతిలోకి తీసుకున్నాడు. నేను ఎంగిలి చేత్తోనే లేచాను, అరిచాను, ఒక్క గెంతులో వెళ్లి లాక్కున్నాను, ఆ విసురుకి పైనున్న, తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ నా చొక్కా గుండీకి తగులుకుని పుటుక్కున ఊడింది, నీలం రంగు మీద పెరుగు మెతుకులు, వాడు ఏడుపు, బావమరిది మొహం చిన్నబోయింది, మా ఆవిడ డబ్బాలోంచి జారిన బిల్లు తీసి చదువుతోంది.

ఆ బిల్లు కన్నా ఆ పసివాడి ఏడుపే నన్ను ఎక్కువ బాధించింది. ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. లెస్ రాస్ ఇంజను షెడ్డులో మూలన పడి ఉండలేదు. పెట్టెల నిండా జనంతో లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి ఉత్తరాదికి వెస్ట్ కోస్ట్ మెయిన్ లైన్ మీద పరుగులు తీసింది. ఆ పేరున్న బొమ్మనే నేను పసివాళ్లకు అందకుండా చేశాను.

మర్నాడే గుండ్రంగా అమరే పట్టాలు కొన్నాను, ఈసారి అసలు ధర చెప్పి. బొమ్మకు కరెంటు పట్టాల్లోంచే అందుతుంది కనక, పాంటోగ్రాఫ్ లేకపోయినా చక్కగా పరిగెత్తింది. కంట్రోలర్ పిల్లలిద్దరికీ ఇచ్చేశాను.

మీ బీరువా మీదా ఇలాంటి డబ్బా ఒకటి ఉంటే, ఇవాళే దించి పిల్లల చేతికివ్వండి.