లొట్టి గోడు

నేను కల్లు లొట్టిని. కుమ్మరి సారె మీద తిరిగాను, ఆవంలో కాలాను. ఆ కథ ఏ కుండనడిగినా చెబుతుంది. నా బతుక్కో విలువ వచ్చింది మాత్రం తాడెక్కాకే.

బంటుమిల్లి కాలువ గట్ల మీద చెట్లు గీసే బాబాయి ఒకాయన నన్ను కొన్నాడు. ఆయన చేతిలో ఉన్నవి కాసిని చెట్లే, దిగే కల్లూ కొంచెమే. అందుకే దాని కోసం ఎదురుచూపులు ఎక్కువ. మాఘమాసం వస్తే చాలు, గట్టున పోయే ప్రతివాడూ తలెత్తి గెలల వంక చూసేవాడు.

"బాబాయ్, పోతు తాడికి లొట్టి కట్టావా?"

"గెల ఇంకా పదును పడలేదురా అబ్బాయ్, నాలుగు రోజులాగు."

ముందు పోతు తాడి కల్లు దిగేది. ఎండలు ముదిరాక కాయలు కాసే తాడిది వచ్చేది. ఇక పంచాయతీ మొదలు. పోతుది తేలికని ఒకడు, కాయతాడిదే నిండుగా ఉంటుందని ఇంకొకడు. కాలువ పక్క చెట్టుకూ, చౌడు నేల చెట్టుకూ తేడా నాలుక మీద పడగానే చెప్పేస్తానని పందెం కాసేవాడు మరొకడు. నిరుటి కల్లే బాగుందనే పెద్దమనిషి ప్రతి ఏడూ ఉండేవాడు.

ఫ్రాన్సులోని బోర్డోలో ఏటా వసంతంలో వ్యాపారులు కొత్త వైన్‌ను సీసాల్లోకి ఎక్కకముందే, పీపాల్లోంచి రుచి చూసి బేరాలాడతారట. మావాళ్ళకు అంత తీరికేదీ? వైన్ ఏళ్ళ తరబడి ఆగుతుంది. కల్లు మర్నాటికే వెనిగర్ దారి పడుతుంది. రెండు చెట్లను పోల్చాలంటే రెండు తాటాకు దొప్పలూ ఒకే పూట పట్టాల్సిందే.

నన్నెవరూ అడగలేదు గానీ, అసలు తీర్పు నా కడుపులోనే జరిగేది. గెల కొసను బాబాయి రోజూ పల్చగా చెక్కితే కారేది తియ్యటి రసమే. అందులో చక్కెర సుమారు 12 శాతం. గాలిలోనూ నా గోడల సందుల్లోనూ ఉండే ఈస్టు దాన్ని గంటల్లోనే నురగలు కక్కిస్తుంది. లోపల సున్నం పూస్తే పొంగు ఆగి నీరాగా మిగులుతుంది. నా ఒళ్ళు చెమర్చి రసాన్ని చల్లబరుస్తుంది గనుక పొంగు తొందరపడదు. తెల్లారి దించితే తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. చెట్టుకెంత పేరు రావాలో వేళకూ మట్టికీ అంత రావాలి. ఆ పేరు మాకు ఎవరూ ఇవ్వలేదు.

మావాళ్ళకు చరిత్ర లేదనుకునేరు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గీత కార్మికుల తరఫున నిలబడ్డవాడు గౌతు లచ్చన్న. కూలి డబ్బులు నా దగ్గరే కరిగిపోయాయని నన్ను శపించిన ఇల్లాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోపం న్యాయమైనదే.

నా కోపం వేరే. బాబాయి చెట్టెక్కలేని వయసుకొచ్చాక నేనొక దుకాణానికి చేరాను. అక్కడ నాలో నీళ్ళు పోశారు, శాకరిన్ కలిపారు. దానికి తాటికల్లని పేరు పెట్టారు. తాగినవాడు మొహం చిట్లించి "లొట్టి మంచిది కాదు" అన్నాడు. ఆ మాట ఇంకా మంటగానే ఉంది.

తర్వాత చెట్లకు ప్లాస్టిక్ డబ్బాలు కట్టారు. పగలవు, బరువుండవు, నిజమే. ఎండకు వేడెక్కుతాయి, చెమర్చడం వాటికి రాదు. ఆపైన వరి చేలు చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ అయ్యాయి. గట్లు వెడల్పు చేయడానికి పొక్లెయిన్ వచ్చింది. నేను ఊగిన పోతు తాడి మొదలంటా కూలింది. మొద్దులు ఇటుక బట్టీకి పోయాయి. నేను దుకాణం వెనక పెంటలో పడి, అంచు విరిగి, వాననీళ్ళు పట్టి దోమలను పెంచాను. రుచి చూసేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళూ లేరు. తిట్టు లేకపోవడమే ఎక్కువ బాధ.

చివరికి ఒకాయన నన్ను ఏరుకొచ్చి, మొహాన సున్నపు బొట్లు పెట్టి, రొయ్యల చెరువు గట్టున కర్రకు బోర్లించాడు. దిష్టిబొమ్మ తలకాయనట! లోపల పూస్తే నీరా నిలిపే సున్నం, బయట పూస్తే రొయ్యలకు దిష్టి తీస్తుందన్నమాట. ఎక్కిన పదవి చిన్నదేమీ కాదు.

గట్టు మీది తాడిని కొట్టబోయే రైతన్నా, ఒక్క మాట. కొట్టడానికి ఒక పూట చాలు. టెంక పాతితే అది పూతకొచ్చేసరికి 12 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అది పోతో, కాయలు కాసేదో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అందుకని ఒకటి కాదు, నాలుగు టెంకలు పాతు.